నర్సు మాట చెల్లిన చోటే రోగికి రక్షణ

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "అక్కడ డాక్టరు ఎవరు?" అన్నది. రెండో ప్రశ్న ఖర్చెంత అవుతుందన్నది. ఆ వార్డులో రాత్రివేళ ఎంతమంది నర్సులు ఉంటారు, వారికి ఎటువంటి శిక్షణ ఉంది, రోగి పరిస్థితి మారిందని వారు చెబితే వినేవారెవరు అని అడిగినవారిని నా ఉద్యోగ జీవితంలో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు ఒక్కొక్క మంచం దగ్గర నిలిచేది కొన్ని నిమిషాలు మాత్రమే. మిగిలిన ఇరవై నాలుగు గంటలూ రోగి నర్సు కళ్ళ ఎదుటే ఉంటాడు. శ్వాసలో తేడా, చెమట పట్టడం, మాట తడబడటం, కట్టు తడవడం, ఇవన్నీ మొదట ఆమెకే కనబడతాయి. అందువలన రోగి భద్రత అన్నది చాలావరకు ఆమె చూపు మీదా, ఆ చూపును నమ్మే వ్యవస్థ మీదా ఆధారపడిన విషయం. ఈ మాటను మన తెలంగాణలో జరిగిన ఒక ముఖ్యమైన ప్రయత్నం ఆధారంగా వివరించాలనుకుంటున్నాను.

ముందుగా రెండు మాటల అర్థం చెప్పుకుందాం. రోగి భద్రత అంటే, వైద్యం వలన రోగికి అదనపు హాని కలగకుండా చూడటం. జబ్బు వలన వచ్చే హాని వేరు. ఒకరికివ్వవలసిన మందు మరొకరికివ్వడం, కడగని చేతులతో పుండును తాకడం, రక్తస్రావాన్ని గంట ఆలస్యంగా గుర్తించడం వలన వచ్చే హాని వేరు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో ఒక నివేదిక వెలువరించింది. ఆ దేశపు ఆసుపత్రులలో ఏటా 44,000 నుంచి 98,000 మంది వైద్యపరమైన పొరపాట్ల వలన మరణిస్తున్నారని అందులోని అంచనా. ఆ నివేదిక ప్రపంచమంతటా కలకలం రేపింది. అయితే అందులోని అసలు సారం ఆ సంఖ్య కాదు. పొరపాట్లకు కారణం ఎక్కువగా చెడ్డ మనుషులు కారనీ, మంచి మనుషులు కూడా తప్పు చేసేటట్లు అమరిన పని పద్ధతులనీ అది చెప్పింది.

రెండో మాట నాణ్యత మెరుగుదల. పేరు పెద్దదిగా ఉన్నా పని చాలా సాదా అయినది. జరుగుతున్నది కొలవాలి, ఒక చిన్న మార్పు చేయాలి, మళ్ళీ కొలవాలి. ఉదాహరణకు, ఒక ప్రసూతి వార్డులో కాన్పు అయిన మొదటి గంటలో ఎంతమంది తల్లుల రక్తపోటు, రక్తస్రావం నిజంగా చూశారో నెలరోజులు లెక్కవేశారనుకుందాం. సగం మందికే చూశారని తేలితే, ఎందుకు చూడలేదని అడగాలి. రక్తపోటు చూసే పరికరం పక్క వార్డులో ఉండటం కారణమైతే ఒక పరికరాన్ని ఇక్కడ ఉంచి, వచ్చే నెల మళ్ళీ లెక్కించాలి. ఇందులో గొప్ప సిద్ధాంతమేమీ లేదు. కానీ ఈ లెక్క వేయగలిగినదీ, ఆ కారణం తెలిసినదీ ఆ వార్డులో పనిచేసే నర్సుకే.

ఆసుపత్రిలో లెక్క రాయడాన్ని ఒక శాస్త్రంగా మలచినవారిలో ముందు నిలిచినది కూడా ఒక నర్సే. ఆమె ఫ్లోరెన్స్ నైటింగేల్. ఆమె ఎన్నడూ భారతదేశానికి రాలేదు. అయినా ఇక్కడి సైనిక స్థావరాలకు ముద్రించిన ప్రశ్నపత్రాలు పంపించి, నీరు, మురుగు, బారకులు, ఆసుపత్రులు, మరణాల వివరాలు తెప్పించుకుని, 1863లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదికకు తన పరిశీలనలు జోడించింది. జవాబులు పంపిన స్థావరాలలో మన సికింద్రాబాద్ కూడా ఒకటి. 1897 ఆగస్టు 20న ఇక్కడ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్‌ను ఈ ఊరు బాగానే గుర్తుపెట్టుకుంది, బేగంపేటలో ఆయన పేరుతో ఒక సంస్థ కూడా ఉంది. అంతకు మూడు దశాబ్దాల ముందే ఈ ఊరి బారకుల ఆరోగ్యాన్ని కాగితం మీద పరీక్షించిన నర్సును మాత్రం మనం తలచుకోము.

కాన్పుల చరిత్రలో మరొక పాఠం ఉంది. 1840ల నాటి వియన్నా పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పులు చేసేవారు. రెండోదానిలో మంత్రసానుల శిక్షణ జరిగేది. డాక్టర్ల విభాగంలోనే బాలింత జ్వరంతో చనిపోయే తల్లులు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేవారు. శవపరీక్ష చేసిన చేతులతోనే వచ్చి తల్లులను పరీక్షించడం దీనికి కారణమని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ గ్రహించి, 1847లో క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడిగించాడు. మరణాలు పడిపోయాయి. పెద్ద చదువు ఉన్న చోటే భద్రత కూడా ఉంటుందని అనుకోనక్కరలేదని ఆ లెక్కలు చూపాయి. తోటి వైద్యులు చాలామంది చాలాకాలం ఆ లెక్కలను నమ్మలేదు.

ఇక మన రాష్ట్రం సంగతికి వద్దాం. లక్ష సజీవ జననాలకు ఎందరు తల్లులు మరణిస్తున్నారన్నది ప్రసూతి సేవలను కొలిచే ముఖ్యమైన కొలబద్ద. నమూనా నమోదు వ్యవస్థ గణాంకాల ప్రకారం తెలంగాణలో ఈ సంఖ్య 2014-16లో 81. 2018-20 నాటికి అది 43కు తగ్గింది. అదే కాలానికి దేశపు సగటు 97. ఇది సామాన్యమైన విజయం కాదు. ఆసుపత్రి కాన్పులు దాదాపు అందరికీ అందడం, 108 వాహనాలు, రక్త నిధులు, 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం వలన ప్రభుత్వాసుపత్రులకు వచ్చే గర్భిణుల సంఖ్య పెరగడం, ఇలా అనేక కారణాలు కలిసి వచ్చాయి. ఏ ఒక్కదానికీ మొత్తం ఘనత కట్టబెట్టలేము.

అయితే ఆ లెక్కల పక్కనే మరొక లెక్క ఉంది. 2019-21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఇదే అత్యధికం. దేశపు సగటు 21.5 మాత్రమే. మన రాష్ట్రపు ప్రైవేటు ఆసుపత్రులలో ఇది 81.5 శాతం, ప్రభుత్వాసుపత్రులలో 44.5 శాతం. సిజేరియన్ ఎన్నో ప్రాణాలను నిలబెట్టిన గొప్ప ఆపరేషన్, అందులో సందేహం లేదు. అవసరమైన తల్లికి అది అందకపోతే ప్రాణం పోతుంది. కానీ అవసరం లేని తల్లికి చేస్తే ఆమెకు అదనపు రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, మత్తుమందు ప్రమాదాలను మనమే తెచ్చిపెట్టినవారమవుతాము. తరువాతి గర్భంలో మాయ పాత కుట్టు మీద అతుక్కుని లోపలికి చొచ్చుకుపోతే, ఆ కాన్పులో గర్భసంచి తీసివేయవలసి రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి రోగి భద్రతకు రెండు పక్కలున్నాయి. చేయవలసినది చేయకపోవడం ఒక హాని. చేయనక్కరలేనిది చేయడం మరొక హాని.

ఇన్ని ఆపరేషన్లకు డాక్టర్లను మాత్రమే నిందించడం న్యాయం కాదు. పంచాంగం చూసి, మంచి ఘడియ రాయించుకుని, ఫలానా వేళకు బిడ్డను తీయమని అడిగే కుటుంబాలను నేను చాలా చూశాను. నొప్పులు భరించలేక ఆపరేషన్ చేయమని అడిగే తల్లులూ ఉన్నారు. మొదటి కాన్పుకు పన్నెండు, పద్నాలుగు గంటలు పట్టడం సహజమని వారికి ముందుగా చెప్పినవారు లేరు. అన్ని గంటలు పక్కన కూర్చుని, నడిపించి, నడుము రుద్ది, బిడ్డ గుండె చప్పుడు వింటూ ధైర్యం చెప్పే మనిషి లేబర్ రూమ్‌లో లేదు. ఒక్క డాక్టరు ఓపీ, వార్డు, ఆపరేషన్ థియేటర్ మూడూ చూసుకుంటూ అంతసేపు కూర్చోలేరు. సహజ కాన్పుకు కావలసినది ముఖ్యంగా ఓపిక, అప్రమత్తత. ఆ రెండింటినీ అందించగల వృత్తి ఒకటి మన దగ్గర ఎదగలేదు.

ఆ లోటు పూడ్చడానికే 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ సంస్థల సహకారంతో మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణను ప్రారంభించింది. అప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న 30 మంది స్టాఫ్ నర్సులతో మొదటి జట్టు కరీంనగర్ జిల్లాలో శిక్షణ పొందింది. శిక్షణ కాలం పద్దెనిమిది నెలలు. హైదరాబాద్‌లో 1948లో చిన్న ప్రసూతి కేంద్రంగా మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి అంతకు కొన్నేళ్ళ ముందునుంచే తన దగ్గర మిడ్‌వైఫ్‌లను తయారుచేసుకుంటూ వచ్చింది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆ తరువాత దేశంలో మిడ్‌వైఫరీ అధ్యాపకుల శిక్షణకు తొలి జాతీయ కేంద్రం కూడా హైదరాబాద్‌లోనే ఏర్పడింది. ఈ విషయంలో దేశానికి దారి చూపిన రాష్ట్రాలలో మనది ముందున్నదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

వీరు పాతకాలపు మంత్రసానులు కారు, డాక్టర్లకు బదులుగా వచ్చినవారూ కారు. నర్సింగ్ చదివి, వార్డులలో పనిచేసి, దాని మీద ప్రత్యేక శిక్షణ పొందినవారు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి నొప్పులు మొదలైనప్పటినుంచి కాన్పయి, బిడ్డకు పాలు పట్టించేవరకు తామే బాధ్యత వహిస్తారు. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టకుండా తల్లికి అనువైన భంగిమలో కాన్పు కానిస్తారు. అవసరం లేకుండా కోత పెట్టరు, పొట్ట మీద నొక్కరు. అన్నిటికంటె ముఖ్యంగా, తమ హద్దు ఎక్కడ ముగుస్తుందో వారికి తెలుసు. రక్తపోటు పెరిగినా, బిడ్డ గుండె చప్పుడు నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండవలసినది అటూ ఇటూ అయినా, కాన్పు ముందుకు సాగకపోయినా, వెంటనే డాక్టరును పిలుస్తారు. ఇటువంటి సేవ మీద 15 అధ్యయనాలను, 17,674 మంది తల్లుల వివరాలను కలిపి 2016లో కాక్రేన్ సమీక్ష ఒకటి వచ్చింది. ఒకే మిడ్‌వైఫ్ బృందం మొదటినుంచి చివరివరకు చూసుకున్న తల్లులలో నెలలు నిండని కాన్పులు, పరికరాలతో లాగవలసిన కాన్పులు తగ్గాయి. తల్లికి గానీ బిడ్డకు గానీ అదనపు హాని కనబడలేదు. సిజేరియన్ల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు. అవి ధనిక దేశాల అధ్యయనాలన్నదీ మరువరాదు. మన దగ్గర ఏం జరుగుతున్నదో మనమే కొలుచుకోవాలి.

ఉన్నత శిక్షణ పొందిన నర్సు ఒక ప్రాణాన్ని ఏ విధంగా కాపాడుతుందో ఒక మందు ద్వారా చెబుతాను. గర్భిణికి రక్తపోటు విపరీతంగా పెరిగి ఫిట్స్ రావడాన్ని మన పల్లెలలో గుర్రపు వాతం అంటారు. దానికి మెగ్నీషియం సల్ఫేట్ దివ్యమైన మందు. కానీ మోతాదు మించితే అదే మందు శ్వాసను ఆపివేస్తుంది. అందుకే ప్రతి నాలుగు గంటలకు ఇచ్చే తరువాతి మోతాదుకు ముందు మూడు విషయాలు చూడాలి. శ్వాస నిమిషానికి 16కు తగ్గకూడదు. మోకాలి చిప్ప కింద తట్టితే కాలు కదలాలి. మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా సూది ఆపాలి. శ్వాస మందగిస్తే విరుగుడుగా ఇవ్వవలసిన కాల్షియం గ్లూకోనేట్ చేతికందేచోట ఉండాలి. కేసు షీట్‌లో డాక్టరు రాసిన మోతాదు అలాగే ఉంటుంది. దానిని ఇప్పుడు ఇవ్వవచ్చునా, ఆపాలా అన్నది రాత్రి రెండు గంటలకు మంచం పక్కన నిలబడిన నర్సు తీర్పు. ఆ తీర్పు చెప్పే చదువు ఆమెకుండాలి. చెప్పే హక్కు కూడా ఉండాలి. చదువు ఇచ్చి హక్కు ఇవ్వకపోతే ఏమవుతుందో నేను దగ్గరనుంచి చూశాను.

చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, ప్రసూతి విభాగంలో ఒక స్టాఫ్ నర్సు ఉండేది. నాది వేరే విభాగం. ఒక రాత్రి నొప్పులు పెరగడానికి ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తున్న తల్లికి విరామం లేకుండా నొప్పులు వస్తున్నాయనీ, బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నదనీ ఆమె గమనించింది. ఫోను చేసి చెబితే, డ్రిప్ అలాగే కొనసాగించమని జవాబు వచ్చింది. మళ్ళీ విన్నది, మళ్ళీ పడిపోయింది. ఆమె డ్రిప్ ఆపివేసి, తల్లిని ఎడమ పక్కకు తిప్పి, ఆపిన సమయాన్నీ కారణాన్నీ కేసు షీట్‌లో రాసి, మళ్ళీ ఫోను చేసింది. గుండె చప్పుడు కుదుటపడింది. తెల్లవారుజామున మగబిడ్డ పుట్టి, బాగా ఏడ్చాడు. మధ్యాహ్నానికి ఆమె చేతికి మెమో వచ్చింది. పై అధికారి ఆదేశాన్ని ధిక్కరించినందుకు మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వాలట. ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చింది. "సార్, నేను తప్పు చేశానని రాసి సంతకం పెడితే సరిపోతుందంటున్నారు. ఏం తప్పు చేశానో చెప్పండి, అదే రాస్తాను" అంది. ఇద్దరమూ కూర్చుని జవాబు రాశాము. తప్పు అన్న మాట అందులో లేదు. గుండె చప్పుడు అంకెలు, వాటి పక్కన సమయాలు మాత్రమే ఉన్నాయి. ఫైలు మూతబడింది. కానీ ఆ తరువాత ఆ విభాగంలో ఇతర నర్సులు ఏం నేర్చుకున్నారో ఊహించండి. ఒక ప్రాణం కాపాడిన పనికి మెమో వస్తుందని తెలిసిన చోట, మరొకసారి డ్రిప్ ఆపే చేయి వణుకుతుంది.

నాణ్యత కోసం ఎన్ని కార్యక్రమాలు పెట్టినా, ఈ చిక్కుముడి విప్పకపోతే ఫలితం రాదు. దీనికి పెద్ద నిదర్శనం ఉత్తరప్రదేశ్‌లో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షిత కాన్పు కోసం 29 అంశాల చెక్‌లిస్ట్ ఒకటి రూపొందించింది. తల్లి ఆసుపత్రిలో చేరినప్పుడు, కాన్పుకు కాస్త ముందు, కాన్పైన గంటలోపు, ఇంటికి పంపేముందు, ఈ నాలుగు సందర్భాలలో ఒక్క నిమిషం ఆగి చూసుకోవలసిన పట్టిక అది. ప్రసిద్ధ శస్త్రవైద్యుడు అతుల్ గవాండే బృందం ఉత్తరప్రదేశ్‌లోని 24 జిల్లాలలో 120 ఆరోగ్య కేంద్రాలలో దీనిని పరీక్షించింది. సగం కేంద్రాలలో శిక్షకులు స్వయంగా వెళ్ళి నర్సుల పక్కన నిలబడి నేర్పించారు. లక్షన్నరకు పైగా కాన్పుల లెక్క తీశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. రెండు నెలల తరువాత చూస్తే, చేయవలసిన పనులలో శిక్షణ పొందిన చోట నూటికి 73, పొందని చోట 42 జరుగుతున్నాయి. శిక్షకుల రాక ఆగిన తరువాత ఆ 73 కాస్తా 62కు జారింది. ఇక తల్లుల మరణాలలో, శిశువుల మరణాలలో మాత్రం రెండు చోట్లా తేడా లేదు.

మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ గత దశాబ్దంలో ఇటువంటి ప్రయత్నమే జరిగింది. 'సేఫ్ కేర్, సేవింగ్ లైవ్స్' అన్న పేరుతో, నవజాత శిశువుల సంరక్షణలో 20 పద్ధతులను మెరుగుపరచాలని, 85 ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులను లక్ష్యంగా పెట్టుకున్నారు. స్వతంత్రంగా మదింపు చేసిన పరిశోధకులకు శిశు మరణాలలో స్పష్టమైన తగ్గుదల కనబడలేదు. ఇవి విఫలమయ్యాయని కొట్టిపారేయవలసినవి కావు. జరగలేదని నిజాయితీగా ప్రచురించడమే నాణ్యతకు మొదటి మెట్టు. పట్టిక నింపినంత మాత్రాన ప్రాణం నిలవదనీ, దాని వెనుక సరిపడ మనుషులు, మందులు, రక్తం, పిలిస్తే వచ్చే డాక్టరు ఉండాలనీ ఈ రెండు అనుభవాలనుంచి నేను గ్రహించినది.

పట్టిక ఫలించిన సందర్భమూ ఉంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలలో, పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేసేటప్పుడు పాటించవలసిన ఐదు సాధారణ నియమాలను పెట్టారు. చేతులు కడగడం, ఒంటినిండా శుభ్రమైన గుడ్డ కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, తొడ దగ్గరి నాళాన్ని వీలైనంత వాడకపోవడం, అవసరం తీరగానే గొట్టం తీసివేయడం. ఇవి డాక్టర్లందరికీ తెలిసినవే. కొత్తదనమల్లా ఒక్కటే. డాక్టరు ఏ నియమం తప్పినా, అత్యవసరం కాని సందర్భంలో ఆ పనిని అక్కడికక్కడే ఆపించే అధికారం నర్సుకు ఇచ్చారు. ఆ నర్సు వెనుక ఆసుపత్రి యాజమాన్యం నిలబడింది. 2006లో ప్రచురించిన ఫలితాలలో, వెయ్యి గొట్టపు రోజులకు మధ్యస్థంగా 2.7 ఉన్న రక్త ఇన్‌ఫెక్షన్లు మూడు నెలలలోనే సున్నాకు దిగాయి. ఏడాదిన్నర తరువాత కూడా ఆ మెరుగుదల నిలిచింది. ఈ ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూడండి. కాగితం అన్నిచోట్లా ఉంది. నర్సు మాటకు ఇచ్చిన బలంలోనే తేడా.

మాట చెల్లడానికి ముందు, మనిషి అక్కడ ఉండాలి కదా. బోధనాసుపత్రుల సాధారణ వార్డులలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం. మన పెద్ద ప్రభుత్వాసుపత్రుల వార్డులోకి ఒక రాత్రి వెళ్ళి చూసినవారికి వాస్తవం ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఐరోపాలోని తొమ్మిది దేశాలలో ఆపరేషన్ చేయించుకున్న రోగుల మీద లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం 2014లో లాన్సెట్‌లో వచ్చింది. ఒక్కొక్క నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే, నెలలోపు మరణించే అవకాశం ఏడు శాతం పెరుగుతున్నదని వారు తేల్చారు. కాబట్టి పద్దెనిమిది నెలలు శ్రమపడి తయారైన మిడ్‌వైఫ్‌ను, సిబ్బంది చాలలేదన్న కారణంతో జ్వరాల వార్డుకో టీకాల డ్యూటీకో పంపితే, ఆ శిక్షణకు పెట్టిన సొమ్ము, శ్రమ రెండూ వృథా అవుతాయి. లేబర్ రూమ్‌లో ఆమెకు శాశ్వతమైన స్థానం, హోదా, జీతం, ఎదుగుదల ఉండాలి.

నా తోటి వైద్యులలో కొందరికి ఒక సందేహం ఉంది. ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది, కోర్టుకు వెళ్ళేది ఎవరు, బంధువుల చేతిలో దెబ్బలు తినేది ఎవరు అంటారు. ఈ భయం అకారణమైనది కాదు. దానికి సమాధానం నర్సు చేతులు కట్టివేయడం మాత్రం కాదు. ఎవరు ఏ పరిస్థితిలో ఏ నిర్ణయం తీసుకోవచ్చునో ముందే రాసి, ఇద్దరి సంతకాలతో గోడమీద పెట్టాలి. పిలిచిన ఎన్ని నిమిషాలలో డాక్టరు రావాలో కూడా అందులోనే ఉండాలి. హాని జరిగినప్పుడు, త్రుటిలో తప్పినప్పుడు కూడా, అందరూ కూర్చుని ఎవరన్నది కాక ఎందుకన్నది మాట్లాడుకోవాలి. నర్సింగ్ వృత్తిని నియంత్రించే 1947 నాటి పాత చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. ఐసీయూల కోసం రెండేళ్ళ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును నర్సింగ్ మండలి అంతకుముందే రూపొందించింది. చట్టాలు, కోర్సులు వస్తున్నాయి. వార్డులో మన అలవాట్లు కూడా వాటితోపాటు మారాలి.

చివరిగా, ఇంట్లో గర్భిణి ఉన్న పాఠకులకు కొన్ని మాటలు. ఆసుపత్రి నిర్ణయించుకునే ముందు, నొప్పుల సమయంలో తల్లి పక్కన ఎవరుంటారని, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉన్నారా అని, తల్లికి తోడుగా ఇంటి మనిషిని లోపలికి రానిస్తారా అని అడగండి. ముహూర్తం కోసం కడుపు కోయమని ఎవరినీ కోరవద్దు. ఆపరేషన్ చేయాలని చెప్పినప్పుడు కారణం అడగడం మీ హక్కు. అది అత్యవసరమని చెప్పినప్పుడు ఆలస్యం చేయకుండా సంతకం చేయడం మీ బాధ్యత. నర్సు మందు ఇచ్చేముందు పేరు మళ్ళీ మళ్ళీ అడిగితే విసుక్కోకండి, ఆమె మీ భద్రత కోసమే అడుగుతోంది. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్, నెలలు నిండకముందు ఉమ్మనీరు పోవడం, ఏ కొంచెమైనా రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనబడినా 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి చేరండి. కాన్పు తరువాత బట్ట వెంటవెంటనే తడిసిపోతున్నా, తల్లి మగతగా ఉన్నా, నర్సుకు చెప్పండి. ఆమె పట్టించుకోకపోతే మళ్ళీ చెప్పండి.

మీ మనిషి మంచం దగ్గరకు వచ్చిన నర్సు డాక్టరుకు ఫోను చేసి "సార్, ఈమె పరిస్థితి నాకు బాగున్నట్లు అనిపించడం లేదు, మీరు రావాలి" అంటే, ఆమెకు అండగా నిలబడండి. ఆ మాట ఆమె భయపడకుండా చెప్పగలుగుతున్నదా లేదా అన్నదే ఒక ఆసుపత్రి ఎంత సురక్షితమో తెలిపే మంచి గుర్తు.

ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. మందుల మోతాదుల విషయంలో, కాన్పు నిర్ణయాలలో మీ డాక్టరును, మీ మిడ్‌వైఫ్‌ను సంప్రదించగలరు.